మంచినీటి అక్వేరియంలో కలిసి మనగల చేపల ఎంపిక

మిశ్రమ చేపల పెంపకంలో చెరువు పైపొరలో బొచ్చె, మధ్యపొరలో శీలావతి, అడుగుపొరలో ఎర్రమోసు ఆహారం తీసుకుంటాయి. ఆహారం కొరకు పోటీ తగ్గడమే ఆ పద్ధతికి ఆధారం. అలంకార చేపలను ఒకే తొట్టెలో కలిపి పెంచడానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. అయితే తొట్టెలో బలహీనమైన చేప తప్పించుకుపోవడానికి చోటు ఉండదు. నీరు తక్కువ కనుక చిన్న లోపం కూడా త్వరగా హాని చేస్తుంది. అందువల్ల రంగును బట్టి గాక నీటి గుణం, చేప స్వభావం, పూర్తిగా ఎదిగిన పరిమాణం, సంచరించే పొర అనే నాలుగు అంశాలను ఇదే వరుసలో పరిశీలించి చేపలను ఎంపిక చేయవలసి ఉంటుంది.

నీటి గుణం

నీటిని చేపకు తగినట్లు మార్చడం కంటే నీటికి తగిన చేపను ఎంచుకోవడం సులభం. అమెజాన్ నదీ ప్రాంతపు మృదు జలానికి అలవాటుపడిన నియాన్ టెట్రాకు ఉదజని సూచిక 5 నుండి 7 వరకు అనుకూలం. పిల్లలను కనే గప్పీ, మాలీ, ప్లాటీ చేపలు 7 నుండి 8 వరకు సూచిక గల కఠిన జలంలో బాగా పెరుగుతాయి. తెలుగు రాష్ట్రాల్లో అనేక చోట్ల బోరు నీరు కఠినంగా, క్షార గుణంతో ఉంటుంది. అటువంటి చోట్ల రెండవ వర్గపు చేపలే తగినవి. కుళాయి నీటిని వాడేటప్పుడు క్లోరిన్‌ను తప్పక తొలగించాలి.

ఉష్ణోగ్రత కూడా ముఖ్యమే. గోల్డ్‌ఫిష్ 18-22 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరోగ్యంగా ఉంటుంది. అది విసర్జించే వ్యర్థాలు కూడా ఎక్కువే. కనుక 24-28 డిగ్రీలు కోరే ఉష్ణమండల చేపలతో దానిని కలపరాదు.

స్వభావం, పరిమాణం

టైగర్ బార్బ్ పొడవైన రెక్కలు గల గప్పీ, ఏంజెల్ చేపల రెక్కలను కొరుకుతుంది. ఫైటర్ చేప మగవి రెండు ఒకేచోట ఉంటే పోరాడతాయి. ఏంజెల్ చేప ఎదిగిన తరువాత నియాన్ టెట్రాలను మింగగలదు. అంగడిలో వేలెడంత కనిపించే ఆస్కార్ 30 సెం.మీ. వరకు పెరుగుతుంది. నోట పట్టే ప్రతి చేపా పెద్ద చేపకు ఆహారమే. జీబ్రా డానియో, టెట్రా, కోరిడోరస్ వంటి గుంపు చేపలను కనీసం ఆరు చొప్పున ఉంచాలి. సంఖ్య తగ్గితే అవి బెదురుతాయి, లేదా తోటి చేపలను వేధిస్తాయి.

నమూనా అమరిక

90×40×40 సెం.మీ. తొట్టెలో ఇసుక, ఖాళీ అంచు పోగా సుమారు 120 లీటర్ల నీరు నిలుస్తుంది. మధ్యస్థ కాఠిన్యం, 24-25 డిగ్రీల ఉష్ణోగ్రత గల ఈ నీటిలో పైపొరకు జీబ్రా డానియోలు 8, మధ్యపొరకు ప్లాటీలు 6, అడుగుపొరకు కంచు రంగు కోరిడోరస్ చేపలు 6 సరిపోతాయి. ప్లాటీలలో ఒక్కొక్క మగదానికి రెండు ఆడవి ఉంటే ఆడవాటిపై ఒత్తిడి తగ్గుతుంది. పిల్లలు వద్దనుకుంటే మగవాటినే ఎంచుకోవాలి.

చేపలను వదిలే క్రమం

ఎంపిక సరైనదైనా, కొత్త తొట్టెలో అన్నింటినీ ఒకేసారి వదిలితే అమ్మోనియా పేరుకొని చేపలు చనిపోతాయి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా వడపోత పరికరంలో స్థిరపడడానికి సాధారణంగా 4-6 వారాలు పడుతుంది. ఉదజని సూచిక 7 నుండి 8కి పెరిగితే, మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన అయనీకరణం చెందని భాగం దాదాపు పది రెట్లవుతుంది. కనుక క్షార జలం వాడేవారికి ఈ నిరీక్షణ మరింత అవసరం. చేపలు లేకుండానే కొద్దిగా అమ్మోనియా చేర్చి బాక్టీరియాను వృద్ధి చేసి, పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరిన తరువాత కొంత నీటిని మార్చి, ముందుగా డానియోలను వదలాలి. తక్కిన జాతులను రెండు వారాల వ్యవధితో ఒక్కొక్కటిగా చేర్చాలి.

తప్పుడు ఎంపిక ఫలితం తొట్టెతో ఆగదు. నాచు తింటుందని కొనే సక్కర్ క్యాట్‌ఫిష్ 30 సెం.మీ.కు మించి పెరిగి తొట్టెలో ఇమడదు. పెంపకందారులు దానిని కాలువలోనో చెరువులోనో వదిలివేస్తారు. ఈ విదేశీ జాతి ఇప్పటికే తెలుగు రాష్ట్రాల జలాల్లో వ్యాపించి, గట్టి ముళ్లతో మత్స్యకారుల వలలను పాడుచేస్తున్నది. ఇమడని చేపను అంగడికి తిరిగి ఇవ్వాలి గాని జలవనరుల్లో వదలరాదని విస్తరణ సిబ్బంది కొనుగోలుకు ముందే వివరించడం మేలు.