మీరు "సరే" అన్నా ఒప్పుకోని కాపలాదారు

మన సంఘం కార్యక్రమాల్లో కలిసినప్పుడు పెద్దవాళ్ళు తరచూ అడుగుతుంటారు: "బాబూ, నువ్వు కంప్యూటర్ల వాడివి కదా, ఈ బ్యాంకు యాప్‌లున్న ఫోను ఎంతవరకు భద్రం?" జవాబు చెప్పాలంటే ముందు మన యూఏఈలోనే జరిగిన ఒక పాత సంగతి చెప్పాలి.

2009 జూలైలో ఎతిసలాత్ బ్లాక్‌బెర్రీ ఖాతాదారులకు ఒక సందేశం వచ్చింది. ఫోను బాగా పనిచేయాలంటే ఈ అప్‌డేట్ వేసుకోండి అని దాని సారాంశం. కంపెనీ నుంచి వచ్చింది కదా అని చాలామంది "సరే" నొక్కారు. ఆ తర్వాత బ్యాటరీలు చకచకా అయిపోవడం మొదలైంది. బ్లాక్‌బెర్రీ తయారీదారైన రిమ్ సంస్థ అది తమ అప్‌డేట్ కాదని, నిఘా సాఫ్ట్‌వేర్ అని ప్రకటించి, దాన్ని తీసేసే ప్రోగ్రాము విడుదల చేసింది. ఎతిసలాత్ మాత్రం 2జీ, 3జీల మధ్య మారేటప్పుడు ఇబ్బంది లేకుండా ఉండటానికే అంది. అప్పట్లో వారికి 1,45,000 మందికి పైగా బ్లాక్‌బెర్రీ ఖాతాదారులున్నారని పత్రికలు రాశాయి.

చూశారా, తాళం ఎవరూ పగలగొట్టలేదు. తలుపు తీసింది వాడేవాళ్ళే!

మామూలు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు ఎవరిదైతే అనుమతి ఇచ్చేది వాళ్ళే. మీరు నడిపే ప్రోగ్రాముకు మీ అధికారాలన్నీ వస్తాయి. దీనికి భిన్నమైనది మాండేటరీ యాక్సెస్ కంట్రోల్, అంటే తప్పనిసరి నియంత్రణ. దుబాయ్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ మీదే, కానీ సాగనంపడానికి వచ్చిన తమ్ముడి చేతికిచ్చి లోపలికి పంపలేరు కదా! నియమం మీ ఇష్టానికి పైన ఉంటుంది. 2009లోనూ కంపెనీ ఫోన్లలో బయటి ప్రోగ్రాములను ఆఫీసు నుంచే నిషేధించే వీలు బ్లాక్‌బెర్రీలో ఉండేది.

లినక్స్‌లో ఈ పని చేసే ఎస్‌ఈలినక్స్‌ను అమెరికా ఎన్‌ఎస్‌ఏ 2000 డిసెంబరులో బయటపెట్టింది. 2003లో అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ప్రతి ప్రోగ్రాముకు, ప్రతి ఫైలుకు ఒక లేబుల్ ఉంటుంది. ఏ లేబుల్ దేన్ని తాకవచ్చో పాలసీలో రాసి ఉంటుంది. రాయనిదేదీ జరగదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక వెబ్ పేజీని నా హోమ్ డైరెక్టరీ నుంచి సర్వర్ ఫోల్డర్‌లోకి జరిపాను. పేజీ తెరుచుకోలేదు. 777 అనుమతులిచ్చినా అంతే. విసుగొచ్చి ఎస్‌ఈలినక్స్‌నే ఆపేశాను (మా వృత్తిలో చాలామంది చేసే తప్పే ఇది). నిజానికి ఫైలు పాత లేబుల్‌తోనే వచ్చింది. రిస్టోర్‌కాన్ అనే ఒక్క కమాండ్ చాలు, లేబుల్ సరిపోయేది.

ఆండ్రాయిడ్‌లో ఇది 2013లో అడుగుపెట్టి, 2014లో వచ్చిన 5.0 నుంచి పూర్తిగా అమలవుతోంది. అందువల్ల ఒక యాప్ మరో యాప్ దాచుకున్న డేటా జోలికి పోవడం బాగా కష్టం. అయితే ఎస్ఎంఎస్‌లు చదవడానికి మీరే అనుమతిస్తే, ఓటీపీ చదవకుండా ఎస్‌ఈలినక్స్ ఆపదు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు వేసుకుని మోసపోయేది ఇక్కడే.

ఇంకో పరిమితి కూడా ఉంది. కాపలాదారు ఉండేది కెర్నెల్‌లో. 2016 ఆగస్టులో యూఏఈ మానవ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ ఐఫోనుకు వచ్చిన లింకు ఆ కెర్నెల్‌నే లొంగదీసే రకం. ఆయన నొక్కకుండా సిటిజన్ ల్యాబ్‌కు పంపారు. ఆపిల్ వెంటనే 9.3.5 అప్‌డేట్ ఇచ్చింది. అంటే అప్‌డేట్లు వేసుకోవాలి, కానీ సందేశంలో వచ్చిన లింకు నుంచి కాదు, ఫోను సెట్టింగ్స్‌లోంచే.

శామ్‌సంగ్ వాడేవారు సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్", అందులో "సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్" తెరవండి. "ఎస్ఈ ఫర్ ఆండ్రాయిడ్" ఎదురుగా "ఎన్‌ఫోర్సింగ్" అని ఉందా? "పర్మిసివ్" అని ఉంటే మాత్రం ఆ ఫోనులో బ్యాంకు యాప్ ఉంచుకోకండి.