తిరిగివచ్చే తారాజువ్వ

దీపావళినాటి రాత్రి తారాజువ్వ లేవని ఊరు తెలుగునాట అరుదు. సీసాలో నిలబెట్టిన జువ్వకు నిప్పు అంటించగానే అది సుయ్యిమని పైకి లేచి, చుక్కలలో కలిసి, నాలుగు నిప్పురవ్వలు రాల్చి మాయమవుతుంది. పిల్లలు కేరింతలు కొట్టి మరొక జువ్వకోసం చేయి చాస్తారు. కాలిన పుల్ల ఎవరి దొడ్డిలో పడినదో, ఎవరి గడ్డివామిమీద వ్రాలినదో విచారించేవాడు ఉండడు. పైకి పోయినది పోయినట్లే.

అట్లా పోనీయక, తాము పంపిన ప్రతి రాకెట్టును చెక్కుచెదరకుండా మరల నేలకు దించవలెనని పట్టుబట్టినవారు అమెరికాలో ఉన్నారు. వారిలో పెక్కుమందికి రాకెట్టు జీవనోపాధి కాదు. సెలవురోజులలో ఇంటి వసారాలో కూర్చుండి, ఆరడుగుల రాకెట్టును స్వహస్తాలతో నిర్మించి, రంగులు తీర్చి, వేల అడుగుల ఎత్తుకు ఎగురవేస్తారు. చూచేవారికి ఇది వినోదం. కాని ఈ వినోదానికి ఇంతటి కట్టుబాటు ఎందుకు వచ్చినదో తెలియవలెనంటే, దాని పుట్టుక తెలుసుకోవలె.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఆకాశానికి పంపినది. ఆనాటినుండి అమెరికా బాలురకు రాకెట్ల వెర్రి తలకెక్కినది. బడినుండి వచ్చిన పిల్లలు ఇనుపగొట్టాలలో గంధకం, తుత్తునాగపు పొడి కూరి నిప్పంటించేవారు. అగ్గిపుల్లల తలలు గీకి పోగుచేసినవారు కూడా ఉన్నారు. ఆ గొట్టాలలో కొన్ని లేచినవి. కొన్ని చేతిలోనే ప్రేలినవి. వేళ్లు పోగొట్టుకున్నవారు, కళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. నేర్చుకోవాలనే కోరికే వారు చేసిన నేరం.

ఈ ఆపదకు మందు అప్పటికే ఒక చెప్పుల దుకాణంలో తయారై ఉన్నది. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ పట్టణంలో ఆర్విల్ కార్లైల్ అనే పాదరక్షల వర్తకునికి బాణసంచామీద మక్కువ. ఆయన సోదరుడు రాబర్టుకు నమూనా విమానాలమీద ప్రీతి. రాకెట్టు ఎట్లా పని చేస్తుందో నలుగురికి చూపడానికి ఒక నమూనా కావలసి రాగా, 1954లో ఆర్విల్ కాగితపు గొట్టంతో చిన్న రాకెట్టు చేశాడు. కాలిపోయిన మందుగొట్టాన్ని తీసివేసి క్రొత్తది అమర్చవచ్చును. ఎత్తుకు చేరగానే లోపలినుండి ఒక చిన్న గాలిగొడుగు విచ్చుకొని రాకెట్టును మెల్లగా దించుతుంది. కార్లైల్ చేసిన మార్పు చిన్నదే. కాని తారాజువ్వకు తిరుగుదారి చూపినది అదే.

న్యూమెక్సికోలోని వైట్‌శాండ్స్ రాకెట్ ప్రయోగక్షేత్రంలో పని చేసిన హారీ స్టైన్, పత్రికలలో రాకెట్లను గురించి వ్యాసాలు వ్రాసేవాడు. ఆ వ్యాసాలలో ఒకటి చదివి కార్లైల్ 1957లో ఆయనకు ఉత్తరం వ్రాసి, తన నమూనాలు పంపాడు. పిల్లలను ఇనుపగొట్టాలనుండి తప్పించే మార్గం ఇదేనని స్టైన్ గ్రహించి, ఆ సంవత్సరమే నమూనా రాకెట్ల జాతీయ సంఘాన్ని స్థాపించాడు. కాగితం, తేలిక కొయ్య మొదలైనవాటితోనే రాకెట్టు చేయవలె; మందు ఇంట్లో నూరరాదు, కార్ఖానాలో తయారైన మోటారునే వాడవలె; దూరాన నిలిచి విద్యుత్తుతోనే ముట్టించవలె; గాలిగొడుగువంటి సాధనం లేనిదే ఎగురవేయరాదు. ఈ నియమాలే ఆ విద్యకు పునాది అయినవి. కొలరాడోలో వెర్నన్ ఎస్టెస్ ఈ చిన్న మోటార్లను చేసే యంత్రాన్ని నిర్మించడంతో, ఏ పిల్లవాడూ మందు నూరవలసిన అవసరం లేకపోయినది.

ఆ పిల్లలు పెద్దవారైనారు. వారితోపాటు రాకెట్లూ పెరిగినవి. 1980 దశకంలో హెచ్చుశక్తిగల రాకెట్ల శాఖ ఒకటి వేరుగా వికసించినది. ఈ మోటార్లకు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు. ఒక్కొక్క అక్షరం దాటినకొద్దీ శక్తి పరిమితి రెట్టింపు అవుతుంది. ‘ఎ’ మోటారు ప్రచోదనానికి గరిష్ఠ పరిమితి 2.5 న్యూటన్-సెకండ్లు, ‘బి’కి 5, ‘సి’కి 10. ఇట్లా లెక్కించుకుంటూ పోతే ‘హెచ్’ వద్దకు వచ్చేసరికి 320 అవుతుంది. అనగా పిల్లవాని ‘ఎ’ మోటారుకు 128 రెట్లు. హెచ్చుశక్తి ఈ ‘హెచ్’తోనే ప్రారంభమవుతుంది. చదరంగం గడులలో గింజల లెక్క చెప్పే ఉపాధ్యాయునికి ఇది మరొక మంచి ఉదాహరణం.

ఇంతటి మోటారు అతికించిన అట్టముక్కను క్షమించదు. అందుచేత నిర్మాణంలో మొదటి పని బలం కూర్చడం. నాలుగంగుళాల వ్యాసంగల దళసరి అట్టగొట్టం శరీరం. దానిలో మోటారుకు సన్నని గొట్టం మరొకటి. ఈ రెండింటిని కలుపుతూ ప్లైవుడ్డు వలయాలు ఉంటాయి. రెక్కలను పైన అంటించి ఊరుకోరు. గొట్టానికి నిలువుగా గాళ్లు కోసి, రెక్క మొదలును లోపలికి దూర్చి, మోటారు గొట్టానికే ఎపాక్సీ జిగురుతో పట్టిస్తారు. రెక్కకూ గొట్టానికీ నడుమ మూలలో అదే జిగురును గుండ్రంగా తీర్చి, గట్టిపడేవరకు కదల్చరు. మూడు రెక్కలూ సరిగా 120 డిగ్రీల ఎడంలో ఉండవలె. వాటిలో ఒకటి వంకరపోతే గాలి దానిని పట్టుకొని రాకెట్టును బొంగరంవలె త్రిప్పుతుంది.

బలం ఉన్నంతమాత్రాన రాకెట్టు తిన్నగా పోదు. దానికి సమతూకం కావలె. రాకెట్టును వ్రేలిమీద నిలిపితే ఎక్కడ తూగుతుందో అది గరిమనాభి. గాలి త్రోపుడంతా కలిసి ఎక్కడ పని చేసినట్లు లెక్కకు వస్తుందో అది పీడనకేంద్రం. గరిమనాభి ఎప్పుడూ ముక్కు వైపునే, పీడనకేంద్రానికి కనీసం గొట్టపు వ్యాసమంత ముందుగా ఉండవలెనని నిర్మాతల నియమం. అప్పుడు గాలి తోకను వెనుకకు త్రోసి, ముక్కును దారిలో నిలుపుతుంది. తారుమారైతే రాకెట్టు గాలిలో పిల్లిమొగ్గలు వేస్తుంది. తారాజువ్వకు పొడుగాటి పుల్ల కట్టిన మన పూర్వుల ఉపాయం కూడా ఇదే. ఆ పుల్ల రెక్కల పని చేస్తుంది. నాసాలో ఇంజనీరైన జేమ్స్ బారోమన్ పీడనకేంద్రాన్ని గుణించే పద్ధతిని 1966లో ఈ అభిరుచి గలవారికి సులభమైన సూత్రాలుగా అందించాడు.

ఇక రంగుల సంగతి. ఇది అలంకారం మాత్రమే అనుకొనేవారు ఉన్నారు. కాని ఈ విద్యలో రంగు కూడా యంత్రంలో ఒక భాగమే. అట్టగొట్టంపైని మెలిక గీతలను లప్పంతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, అడుగుపూత వేస్తారు. ఆరిన తరువాత మరల రుద్దుతారు. వ్రేలికొసకు ఎక్కడా గరుకు తగలనప్పుడే అసలు రంగుకు వంతు. దళసరి పూత ఒకటి వేయడంకంటె పలుచని పూతలు మూడు వేయడం మేలు. గాలిలో తేమ ఎక్కువైననాడు పని కట్టిపెట్టవలె. లేనిచో పూత నిగ్గు కోల్పోయి పాలిపోతుంది. తెలుపు పరచి, అంచులకు అంటుకాగితపు పట్టీలు వేసి, దానిపైన ముదురురంగులు తీరుస్తారు. తొందరపడి పట్టీ ముందుగా లాగినవానికి అంచు చెదురుతుంది.

రంగుల ఎన్నికకు కూడా కారణం ఉన్నది. నీలాకాశంలో వేల అడుగుల ఎత్తున కనిపించవలె; దించిన తరువాత పొదలలోనో ఎడారి ఇసుకలోనో వెదకవలె. అందుచేతనే పలువురు మెరిసే నారింజ, ఎరుపు రంగులను కోరుకుంటారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో జర్మనీలో పరీక్షించిన వి-2 రాకెట్లకు నలుపు తెలుపు గడులు పూసేవారు. చలనచిత్రం తీసి చూచినప్పుడు రాకెట్టు తన చుట్టూ తాను ఎంత తిరిగినదో ఆ గడులనుబట్టి తెలిసేది. జనంమీద విధ్వంసం కురిపించడానికి పుట్టిన రాకెట్టు అది. దానిని నిర్మించినవారిలో కొందరు తరువాత అమెరికాకు వచ్చి, 1969లో మానవుని చంద్రునిపైకి చేర్చిన శాటర్న్-5ను రూపొందించారు. ఆ రాకెట్టుపైన కనిపించే నల్లని పట్టెలకు కూడా పని అదే.

రంగు చేయగల అపకారం కూడా తక్కువది కాదు. పూతకు బరువు ఉన్నది. రెక్కలు తోకవైపే ఉండడంచేత అక్కడ మందంగా వేసిన పూత, జిగురు కలిసి గరిమనాభిని వెనుకకు లాగుతాయి. నిన్న తిన్నగా పోవలసిన రాకెట్టు నేడు రంగు వేసినందువల్లనే అదుపు తప్పవచ్చును. కనుక అనుభవజ్ఞుడు రంగు ఆరిన తరువాత రాకెట్టును మరల తూచి, తూకపు స్థానాన్ని క్రొత్తగా గుర్తిస్తాడు. అవసరమైతే ముక్కులో కొంత బరువు చేరుస్తాడు.

అంతకన్న ముఖ్యమైనది ముక్కు గొట్టంలో దిగే చోటు. మోటారు కాలిపోయిన కొన్ని సెకండ్లకు దానిలోని చిన్న మందు ప్రేలి, ముక్కును ఊడగొట్టి, గాలిగొడుగును బయటికి నెట్టవలె. ఆ చోట రంగు పేరుకొని ముక్కు బిగిసిపోతే గొడుగు బయటికి రాదు. అందమైన రాకెట్టు అమ్మువలె నేలకు దూసుకు వస్తుంది. క్రింద మనుషులు ఉంటారు. ముక్కు పట్టుకొని ఎత్తితే ఊడకూడదు, విదిలిస్తే జారి రావలె. దీనిని మించిన పరీక్ష లేదు. వెంట్రుకవాసి పూత ఒక ప్రాణానికి అడ్డు కావచ్చునని తెలిసినవాడే ఈ పనికి అర్హుడు.

ఆ అర్హతకు పరీక్ష ఉన్నది. హెచ్చుశక్తి మోటారును కొనదలచినవాడు ముందుగా స్వయంగా నిర్మించిన రాకెట్టును సంఘసభ్యుల ఎదుట ఎగురవేయవలె. ఎంత ఎత్తు లేచినదని వారు మార్కులు వేయరు. గొడుగు విచ్చుకున్నదా, రాకెట్టు దొరికినదా, మరల మోటారు పెట్టి ఎగురవేయడానికి తగినట్లుగా ఉన్నదా అని చూస్తారు. మబ్బులను తాకి వచ్చినా, రెక్క విరిగి తిరిగివస్తే ఆనాటికి అనుత్తీర్ణుడే. మరొక రాకెట్టుతోనో, బాగుచేసిన రాకెట్టుతోనో మరొకనాడు రావలె.

ఈ శ్రద్ధ ఎంతవరకు పోగలదో 2009 ఏప్రిల్ 25వ తేదీన మేరీలాండ్ రాష్ట్రంలో జనం చూచారు. స్టీవ్ ఈవ్స్ అనే ఒహాయో వాసి మోటారుకార్ల పైతొడుగులను బాగుచేసి రంగులు వేసే వృత్తివాడు. శాటర్న్-5కు పదవవంతు కొలతలో 36 అడుగుల రాకెట్టును ఆయన నిర్మించాడు. బరువు 1,648 పౌనులు. నలుపు తెలుపు పట్టెలు సైతం అసలుదానివలెనే తీర్చాడు. తొమ్మిది మోటార్లు ఒక్కసారిగా రగులుకొనగా, ఆ మహాకాయం 4,400 అడుగులకు పైగా లేచి, భాగాలుగా విడిపోయి, గాలిగొడుగులపైన నిలకడగా నేలకు దిగినది. కార్లకు రంగులు వేసిన చేయి ఆకాశంలో తన పనితనం చూపినది.

మన విద్యార్థులు ఇందుకై మందు నూరనక్కరలేదు, నూరరాదు కూడా. 1957 నాటి అమెరికా బాలుర కథ అందుకు సాక్ష్యం. అట్టగొట్టం, కాగితపు ముక్కు, మూడు అట్టరెక్కలు, ఒక గజం దారం ఉంటే చాలును. గొట్టం తూగే చోట దారం కట్టి, బడి ఆవరణలో తలపైన గిరగిర త్రిప్పి చూడవలె. ముక్కు ముందుకు చూస్తూ పోయినదా, రెక్కలు సరిపోయినట్లే. అడ్డంగా తిరిగినా, తోక ముందుకు వచ్చినా, ముక్కులో కొంచెం బంకమన్ను పెట్టి మరల త్రిప్పవలె. నిప్పు లేకుండానే రాకెట్టు రహస్యం చేతికి తెలుస్తుంది.

తారాజువ్వను ఎగురవేసేవాడు పైకే చూస్తాడు. ఈ రాకెట్టు కట్టినవాడు గొడుగు విచ్చుకున్నవరకు ఊపిరి బిగపట్టి, అది నేలను తాకేవరకు చూపు మరల్చక నిలుస్తాడు. తెచ్చి చూచుకుంటే కష్టపడి వేసిన రంగు ఒకచోట చెక్కు లేచి, మరొకచోట మసి బారి ఉంటుంది. చాలమంది ఆ మచ్చను వెంటనే చెరపరు. పోయి తిరిగివచ్చినదనడానికి అదే గుర్తు.