పంజరం కొనేముందు... ఏ పిట్ట మన ఇంటికి నేస్తం?

రంజాన్ పండుగనాడు చేతిలో పడిన ఈదీ డబ్బులు లెక్కపెట్టుకుంటూ "అబ్బా! నాకో చిలుకను కొనిపెట్టవూ?" అని అడిగే పిల్లలు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. పిల్లవాడు మారాం చేస్తాడు. తండ్రి మనసు కరిగిపోతుంది. సాయంత్రానికల్లా వరండాలో పంజరం వేలాడుతుంది. వారం రోజులు ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే ఉంటారు. నెల తిరిగేసరికి నీళ్లు మార్చేదెవరన్న వాదులాట మొదలవుతుంది. ఆ తర్వాత ఒకనాటి ఉదయం పంజరం ఖాళీ! ఇందులో తప్పు పిల్లవాడిదీ కాదు, పిట్టదీ కాదు. ఏ పిట్ట, ఏ ఇంటికి అని ఆలోచించకుండా కొన్న పెద్దలది.

అసలు పక్షిని పెంచవచ్చా?

హజ్రత్ అనస్ (రజి) గారికి అబూ ఉమైర్ అనే చిన్నారి తమ్ముడు ఉండేవాడు. అతనొక చిన్న పిట్టను పెంచుకుని దానితో ఆడుకునేవాడు. అది చనిపోయింది. దిగాలుగా కూర్చున్న బాలుణ్ణి చూసిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అతని పేరుకు ప్రాస కలిపి, నీ పిట్ట ఏమైందని ముద్దుగా పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసును ఆధారం చేసుకునే, పిల్లలు పక్షిని పెంచుకోవడంలో దోషం లేదని ధర్మవేత్తలు చెప్పారు.

అయితే దానికొక షరతు ఉంది. పిల్లిని కట్టిపడేసి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకం పాలైందన్న హదీసు మనందరికీ తెలిసిందే. తలుపు మూసిన క్షణం నుంచి ఆ ప్రాణి ఆకలిదప్పులకు జవాబుదారీ మనమే.

రామచిలుక వద్దే వద్దు

మనవాళ్లకు చిలుక అనగానే ఎర్రముక్కు, మెడలో గులాబీ గీత ఉన్న రామచిలుకే గుర్తొస్తుంది. కానీ అది అడవి పక్షి. సాధారణంగా చెట్టుతొర్రలో ఉన్న గూటి నుంచి పిల్లలను తీసి, రెక్కలు కత్తిరించి అమ్ముతారు. పట్టిన వాటిలో కొన్ని దారిలోనే చనిపోతాయి. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకున్నారు. తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. అది చూసిన ప్రవక్త (స), దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమన్నారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. చిలుక పిల్లను కొనే ముందు ఈ సంఘటన ఒక్కసారి తలచుకోండి.

చట్టమూ ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుక, గోరువంక, మునియా వంటి మన దేశవాళీ పక్షులను పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం నేరం. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మునియా పిట్టలకు రంగులు పూసి విదేశీ పిట్టలని అంటగట్టేవారూ ఉన్నారు, జాగ్రత్త! ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉంటే గాలిలోకి వదిలేయకండి. ఎగరడం మరిచిన పక్షి కాకులకో పిల్లులకో దొరికిపోతుంది. అటవీశాఖ వారికి అప్పగించండి.

మచ్చికయ్యే పిట్టలు ఏవి?

తరతరాలుగా మనుషుల దగ్గరే పుట్టి పెరిగిన విదేశీ జాతులు కొన్ని ఉన్నాయి. ఇంటికి తగినవి అవే.

బడ్జీ: మన దుకాణాల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న పిట్టలు చాలావరకు ఇవే. నిజానికి వీటి పేరు బడ్జెరిగార్, పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గూల్డ్ వీటిని ఇంగ్లండుకు తీసుకెళ్లాక ప్రపంచమంతా పాకాయి. బరువు ముప్పై నలభై గ్రాములు, ఆయుష్షు అయిదు నుంచి పదేళ్లు. గొంతు చిన్నది కనుక ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదు. ఓపికగా నేర్పితే మగపిట్ట మాటలు కూడా పలుకుతుంది. మొదటిసారి పెంచేవారికి ఇంతకంటే అనువైనది లేదు. కొనేటప్పుడు నుదురు చూడండి. చారలు ముక్కు దాకా ఉంటే అది లేత పిల్ల, తొందరగా మచ్చికవుతుంది. మూడు నాలుగు నెలలు దాటితే నుదుటి చారలు పోతాయి.

కాకటీల్: తలపై కుచ్చు, బుగ్గలపై నారింజ చుక్క ఉండే పక్షి. ఇదీ ఆస్ట్రేలియాదే. స్నేహంలో దీనిదే అగ్రస్థానం. భుజమెక్కి కూర్చుంటుంది, తల వంచి గోకమంటుంది, మగది చక్కగా ఈల వేస్తుంది. కానీ పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. అయిదో తరగతి పిల్లవాడికి కొనిస్తే, వాడి చదువు ముగిసి పెళ్లయ్యే దాకా అది మీతోనే ఉంటుందన్నమాట! దీని రెక్కల నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే దీని జోలికి వెళ్లకండి.

అసలైన లవ్ బర్డ్: ఆఫ్రికా నుంచి వచ్చింది. చూడచక్కనిదే గానీ కోపిష్టి. జతగా ఉంటే మనుషులను పట్టించుకోదు, చిన్నపిల్లల వేళ్లు కొరికేస్తుంది.

జీబ్రా ఫించ్: చేతికి రాదు, కళ్లకు పండుగ చేస్తుంది. ఊరికే చూస్తూ ఆనందించేవారికి ఒక జత చాలు.

మకావ్, ఆఫ్రికన్ గ్రే వంటి పెద్ద చిలుకలు దశాబ్దాలు బతుకుతాయి. 2024 నాటి నిబంధనల ప్రకారం వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. మధ్యతరగతి ఇంటికి అవి తలకు మించిన భారం.

స్నేహం కొంటే రాదు

దుకాణంలో ఏ పిట్ట కొన్నా అది మొదట మిమ్మల్ని చూసి భయపడుతుంది. నాలుగైదు రోజులు దాని మానాన దాన్ని వదిలేయండి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు పంజరం పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి. అరచేతిలో కొర్రలు పెట్టి కదలకుండా ఉంచండి. కొన్ని వారాల్లో అదే వచ్చి చేతిపై వాలుతుంది. పిడికిట్లో పట్టి మచ్చిక చేయాలనుకుంటే మాత్రం ఎన్నటికీ కాదు. రోజుకు అరగంటైనా కేటాయించలేని ఇంట్లో ఒంటరి పిట్టను ఉంచడం అన్యాయం. అలాంటివారు జతను తెచ్చుకోవడం మేలు.

కొనేముందు కొద్దిసేపు దూరం నుంచి గమనించండి. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చున్నది, ఊపిరి పీల్చినప్పుడల్లా తోక ఊగుతున్నది, వెనుక భాగం మురికిగా ఉన్నది జబ్బు పిట్ట. జాలిపడి తెచ్చుకుంటే మిగతావాటికీ అంటుతుంది.

మన ఇళ్లలో ప్రమాదాలు

పక్షి ఊపిరితిత్తులు మహా సున్నితం. బ్రిటన్ బొగ్గుగనుల్లో విషవాయువును పసిగట్టడానికి 1986 వరకు కానరీ పిట్టలను వాడింది ఇందుకే. గురువారం సాయంత్రం వేసే లోబాన్, ఊద్ పొగ మనకు పరిమళం, వాటికి ఊపిరాడని వేదన. పొగ వేసేటప్పుడు పంజరాన్ని వేరే గదికి మార్చండి. అంటుకోని పూత ఉన్న పెనం ఖాళీగా మాడితే వచ్చే ఆవిరి నిమిషాల్లో పక్షిని చంపేయగలదు. వంటింట్లో పంజరం పెట్టనే కూడదు. పిట్టను బయటికి వదిలినప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపారో లేదో ముందు చూసుకోండి.

పంజరం గుండ్రంగా కాక, రెండు మూడు అడుగుల పొడవుతో అడ్డంగా ఉండాలి. ఊచల మధ్య సందు అరంగుళానికి మించకూడదు. ప్లాస్టిక్ కర్రకు బదులు జామకొమ్మ పెడితే కాళ్లకు మంచిది. ఒట్టి కొర్రలతో సరిపెట్టకుండా కొత్తిమీర, మునగాకు, క్యారెట్ తురుము ఇవ్వండి. సున్నం కోసం సముద్రపు నురుగు ముక్క వేలాడదీయండి. ఉప్పు, ఉల్లి, చాక్లెట్, అవకాడో దగ్గరికి రానీయవద్దు. ఎండాకాలంలో రెండుపూటలా నీళ్లు మార్చండి. పంజరం కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని పిల్లలకు నేర్పండి. చిలుక జాతుల నుంచి మనుషులకు సోకే జ్వరమూ ఉంది మరి!

పంజరం లేని స్నేహం

ఇదంతా చదివాక మన వల్ల కాదనిపిస్తే సిగ్గుపడనక్కర్లేదు. మిద్దె మీద ఒక మట్టిమూకుడులో నీళ్లు, పక్కన గుప్పెడు గింజలు పెట్టండి. చిన్నతనంలో తాను కొట్టిన ఒక పిచ్చుక ఏ జాతిదో తెలుసుకోవాలన్న ఆరాటమే సలీం అలీ గారిని దేశం గర్వించే పక్షిశాస్త్రవేత్తను చేసింది. 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షుల లెక్క రాసిన మహానుభావుడాయన. పక్షిని ప్రేమించడానికి పంజరమే అక్కర్లేదనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

పంజరం కొన్నా, మూకుడు పెట్టినా ఒక్క విషయం గుర్తుంచుకుందాం. ఎవరైనా మీ అబ్బాయిని పలకరించి, "ఏం బాబూ, నీ పిట్ట ఎలా ఉంది?" అని అడిగితే, వాడు తల దించుకోకుండా జవాబు చెప్పగలగాలి.