లీ పట్టణం: బొగ్గు అయిపోయింది, బాకీ తీరలేదు

లీ పట్టణంలో ఇల్లు కొనేవాడు గోడలు, కప్పు చూసుకుంటే సరిపోదు, కింద నేల సంగతి కూడా చూసుకోవాలి. మన దగ్గర ఈసీ తీయించినట్టు అక్కడ లాయరు గనుల రిపోర్టు తెప్పిస్తాడు. ఆ స్థలం కింద బొగ్గు తవ్వారా, దగ్గర్లో పాత షాఫ్టు ఏదైనా పూడ్చారా, ఇంటికి ఇదివరకు బీటలు పడి పరిహారం ఇచ్చారా, అన్నీ అందులో ఉంటాయి. అక్కడి చివరి బొగ్గు బావులు 1992లో మూతపడ్డాయి. రిపోర్టు అవసరం మాత్రం తీరలేదు.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు పడమర దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ ఊరు. ఒకప్పుడు లాంకషైర్ జిల్లాలోది. లాంకషైర్ అంటే మనకు గుర్తొచ్చేది మన మగ్గాల నోట మట్టి కొట్టిన మిల్లు బట్ట. ఆ బట్టకు నూలు వడికిన చేతులు ఎలా బతికాయో మన పుస్తకాల్లో పెద్దగా లేదు. లీలో మగవాళ్లు బావిలోకి దిగారు, ఆడవాళ్లు మిల్లుకు నడిచారు. 1795లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ ఊరిదాకా వచ్చాక బొగ్గు పడవలెక్కి పోయింది. గని కార్మికుల ఇళ్లలో చేతికింద దొరికే ఆడకూలీలను చూసుకునే ఇక్కడ నూలు మిల్లులు లేచాయి. ఒక ఇంటికి రెండు జీతాలు వచ్చేవి, రెండు రకాల జబ్బులూ వచ్చేవి.

మిల్లులో దూది ఏకే కార్డింగ్ గదిలో గాలి నిండా పత్తి ధూళి. ఆదివారం సెలవు గడిపి సోమవారం పనిలోకి వచ్చేసరికి ఛాతీ బిగుసుకుపోయేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగుతు వారమంతా వదిలేది కాదు. బిస్సినోసిస్ అనే ఆ జబ్బుకు బ్రిటన్‌లో పరిహారం మొదలైంది 1940ల్లోనే. మ్యూల్ యంత్రాల దగ్గర నూలు వడికే మగవాళ్లు నూనె కారిన నేల మీద వట్టి కాళ్లతో తిరిగేవాళ్లు. కదురుల నూనె బట్టల్లోంచి ఇంకి చర్మ క్యాన్సర్ తెచ్చేది. లాంకషైర్ నేత షెడ్లలోనైతే మగ్గాల మోతకు పక్కమనిషి మాట వినపడక, ఆడవాళ్లు పెదవుల కదలికతోనే మాట్లాడుకోవడం నేర్చారు. 1918 చట్టం వచ్చేదాకా 12 ఏళ్ల పిల్లలు సగం పూట మిల్లులో, సగం పూట బళ్లో ఉండేవాళ్లు.

ఆడవాళ్లు బావి లోపలికి దిగకూడదని 1842లోనే చట్టం వచ్చింది. అయినా ఈ ప్రాంతంలో వాళ్లు బావి ఒడ్డున నిలబడి బొగ్గులోంచి రాయి ఏరారు. ఆ పనీ మాన్పించాలని 1880ల్లో పార్లమెంటులో ప్రయత్నం జరిగితే, పనిబట్టల్లోనే లండన్ వెళ్లి మా కూడు తీయొద్దని వాదించి నెగ్గారు.

ఇక బావి తీసిన ప్రాణాలు. 1910 డిసెంబరు 21న పొరుగున ఉన్న వెస్ట్‌హౌటన్ దగ్గరి ప్రిటోరియా బావిలో పేలుడు జరిగింది. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు 344 మంది పోయారు. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ ఉన్నారు. ఒక ఇల్లాలికి భర్త, నలుగురు కొడుకులు, ఇద్దరు తోడబుట్టినవాళ్లు ఒక్క పొద్దుటే లేకుండాపోయారు. 1932లో లీ పక్కనే బికర్‌షా బావిలో మనుషుల్ని దించే కేజ్ ఆగాల్సిన చోట ఆగక అడుగున నిలిచిన నీళ్లలో మునిగింది. 19 మంది ఊపిరాడక చనిపోయారు. ఇది తాతల నాటి మాటే అనుకోవద్దు. 1979 మార్చిలో దగ్గర్లోని గోల్‌బోర్న్ బావిలో మీథేన్ అంటుకుని పదిమంది చనిపోయారు.

బావులు మూసినా నేల సర్దుకోవడం ఆగలేదు. పొడవాటి గోడలా బొగ్గు పొర కోసుకుంటూ ముందుకు పోతే, వెనక కప్పు కూలుతుంది. ఆ కుంగుబాటు పైదాకా వస్తుంది. లీ చుట్టూ పొలాలు అలాగే దిగిపోయి నీళ్లు నిలిచాయి. దాదాపు 70 హెక్టార్ల పెనింగ్టన్ ఫ్లాష్ చెరువు ఎవరూ తవ్వింది కాదు. మునిగిన పొలాల మీద నిలిచిన నీరది. కాలువ గట్లు మాత్రం కుంగనీయకుండా ఎప్పటికప్పుడు ఎత్తుతూ వచ్చారు కాబట్టి, కొన్నిచోట్ల కాలువ ఇప్పుడు పక్క నేలకన్నా ఎత్తున పారుతుంది. ఆ చెరువులకు పక్షులు చేరాయి. 2022లో ఆ చెరువులను జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పొలం పోయిన రైతుకు ఆ పక్షులతో పని లేకపోవచ్చు గానీ, ఊరికి నడవడానికి ఒక మంచి చోటు దొరికింది.

ఊరికి అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది రైలు. 1864లో తెరిచిన స్టేషన్‌కు 1969 మేలో రైళ్లు ఆపేశారు. నష్టాల లైన్లు మూసే జాతీయ విధానంలో లీ స్టేషన్ కూడా పోయింది. అప్పటికి బావులు నడుస్తున్నాయి, మిల్లులు కొన్ని నడుస్తున్నాయి, పనికి ఊరు దాటాల్సిన అవసరం తక్కువ. అవి మూతపడ్డాక పని మాంచెస్టర్‌లో ఉంది, వెళ్లడానికి రైలు లేదు. ఇంగ్లండ్‌లో స్టేషన్ లేని పెద్ద పట్టణాల్లో ఒకటిగా లీ పేరు పడింది. 2016లో పాత పట్టాల దారిలో దాదాపు 7 కిలోమీటర్ల మేర బస్సులకు ప్రత్యేక దారి వేశారు. ఆ బస్సులు బాగా నిండుతున్నాయి. రైలు మళ్లీ రావాలన్న మాట మాత్రం ఆగలేదు.

పోట్లాడితే కొన్ని బాకీలు వసూలయ్యాయి. గని దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన కార్మికుల పక్షాన 1998లో హైకోర్టు తీర్పు వచ్చాక, దేశమంతా కలిపి 5.9 లక్షల దరఖాస్తులు పడ్డాయి. పింఛను కథ ఇంకా పొడుగు. 1994లో బొగ్గు పరిశ్రమను ప్రైవేటుకు ఇచ్చినప్పుడు, పింఛను నిధికి ప్రభుత్వం హామీ ఉండి మిగులులో సగం తీసుకునేట్టు ఒప్పందం కుదిరింది. ఆ దారిన ఖజానాకు 400 కోట్ల పౌండ్లకు పైగా చేరింది. 2024 అక్టోబరు బడ్జెట్‌లో 150 కోట్ల పౌండ్ల నిల్వ నిధిని కార్మికులకు వదిలారు. దాదాపు 1.12 లక్షల మంది మాజీ కార్మికుల, వాళ్ల వితంతువుల పింఛను 32 శాతం పెరిగింది. అది అందుకోకముందే కన్నుమూసినవాళ్లు లెక్కలో లేరు.

ఇప్పుడు లీకి వచ్చేవాళ్లకు చూపించడానికి రెండు గొప్ప కట్టడాలున్నాయి. ఒకటి, దగ్గర్లోని ఆస్ట్లీ గ్రీన్‌లో దాదాపు 30 మీటర్ల ఎత్తున నిలిచిన హెడ్‌గేర్, అంటే బావిలోకి కేజ్ దించే ఇనుప గోపురం. లాంకషైర్ బొగ్గు ప్రాంతంలో మిగిలింది అదొక్కటే. 1970లో బావి మూసినా దాన్ని, దాని ఆవిరి యంత్రాన్ని వలంటీర్లు కాపాడుకొచ్చారు. రెండోది 1913లోనూ 1923లోనూ కట్టిన జంట మిల్లు లీ స్పిన్నర్స్. అందులో ఇప్పుడు చిన్న వ్యాపారాలు, కళాకారుల గదులు నడుస్తున్నాయి. ఇనుముకు రంగు వేయించడానికి, ఇటుకకు మరమ్మతు చేయించడానికి నిధులు దొరకడం మంచిదే. ఆ నిధులిచ్చే చేయి ఊరి బతుకు వైపు అంత చురుగ్గా చాచడం లేదన్నదే చిక్కు. హెడ్‌గేర్ చూడటానికి రమ్మని ఊరు పిలుస్తోంది, రైల్లో వద్దామంటే దిగడానికి స్టేషన్ లేదు. పింఛను సొమ్ము కదలడానికి 30 ఏళ్లు పట్టింది. రైలు పోయి 50 ఏళ్లు దాటింది.