ఎలుగు దారిలో ఎలుగెత్తండి

అక్టోబరు వచ్చిందంటే ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో చలి జాకెట్లు గుట్టలు పడతాయి. అక్కడ బేరమాడి కొన్న జాకెట్టు వేసుకుని, శుక్రవారం రాత్రి బస్సెక్కి, ఉత్తరాఖండ్‌లోని చోప్తాకు చేరేవాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉంటారు. 3,680 మీటర్ల ఎత్తున ఉన్న తుంగనాథ్ గుడి దాటి చంద్రశిల శిఖరం ఎక్కితే చౌఖంబా, నందాదేవి కొండలు కళ్లెదుట నిలుస్తాయి. దారి మాత్రం హిమాలయ నల్ల ఎలుగు తిరిగే అడవిలోంచే. ఛాతీ మీద తెల్లని నెలవంక దాని గుర్తు. శీతాకాలానికి కొవ్వు కూడబెట్టుకోవడానికి సింధూర (ఓక్) జాతి చెట్ల కాయలు తెగ తినే కాలమూ ఇదే.

మన నల్లమల ఎలుగు వేరు. దానికి పై వరసలో నడిమి పళ్లు రెండూ ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను జుర్రుతుంటే చప్పుడు వంద మీటర్లు దాటి వినిపిస్తుంది. ఆ హడావుడిలో మన అడుగుల సవ్వడి దాని చెవిన పడదు.

ఏ ఎలుగైనా మీద పడేది ఎక్కువగా ఉలిక్కిపడినప్పుడే. కూనలు వెంట ఉంటే మరీను. దాని ముక్కు మహా చురుకు. కానీ గాలి మనకు ఎదురుగా వీస్తే మన వాసన ముందున్న జంతువుకు అందదు. పక్కన వాగు హోరెత్తితే అలికిడీ అందదు. మలుపుల దగ్గర, పొదల మధ్య ఇయర్‌ఫోన్లు తీసేసి గట్టిగా మాట్లాడుకోవాలి. చీకట్లో ఒంటరిగా కదలకూడదు. తిరుమల మెట్ల మీద గోవింద నామం భక్తికే కాదు, అడవికి ముందస్తు కబురుగానూ పనికొస్తుంది. తెలుగులో ఎలుగంటే జంతువే కాదు, గొంతు కూడా!

ఎదురుపడితే? ఎలుగును చూసి ఒకడు చెట్టెక్కేసిన చిన్నప్పటి ఇద్దరు మిత్రుల కథను నమ్ముకోవద్దు. ఎలుగు చెట్టెక్కగలదు, పరుగులో మనల్ని మించుతుంది. దానికేసే చూస్తూ, నెమ్మదిగా వెనక్కి జరగాలి. తప్పించుకునే వీలు లేకుండా అది మీద పడితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు పెనవేయాలి. ఎలుగు దెబ్బలు ఎక్కువగా తగిలేది ముఖానికీ, తలకీ. వీపున సంచి ఉంటే తీయొద్దు, అదే కవచం.

అసలు అంతదాకా రానివ్వకపోవడమే తెలివి. యాభై రూపాయలు తగ్గించడానికి సరోజినీ నగర్‌లో ఎత్తిన గొంతు చంద్రశిల మలుపుల్లో మూగబోకుండా ఉంటే చాలు.