ఉబిన్‌కి సర్పంచ్ ఎవరు?

మొన్న సెలవుల్లో ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారికి సింగపూర్‌లో అన్నిటికంటే నచ్చిన చోటు మరీనా బే కాదు, పులావ్ ఉబిన్. చాంగీ పాయింట్ దగ్గర చెక్క పడవ ఎక్కాం. పన్నెండు మంది నిండితేగానీ కదలదు, అచ్చం మన షేర్ ఆటోలాగే. తొందరైతే ఖాళీ సీట్ల డబ్బు కూడా మనమే ఇచ్చుకోవాలి. పది పదిహేను నిమిషాల్లో దిగేసరికి రేకుల ఇళ్లు, కొబ్బరి చెట్లు, అద్దె సైకిళ్లు. చుట్టూ ఓసారి చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఇంతకీ ఈ ఊరికి సర్పంచ్ ఎవరమ్మా?"

నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ ఆ ప్రశ్నే నాకు తట్టలేదు. ఇంటికొచ్చాక కూర్చుని చదివాను.

చాంగీకీ మలేషియాలోని జొహోర్‌కీ మధ్య జలసంధిలో ఉంది ఉబిన్. విస్తీర్ణం సుమారు 10 చదరపు కిలోమీటర్లు. నేలంతా గ్రానైట్. 1850ల్లో కట్టిన హార్స్‌బర్గ్ లైట్‌హౌస్‌కి రాయి ఇక్కడిదే. క్వారీల పని 1999లో పూర్తిగా ఆగిపోయింది. తవ్విన గోతుల్లో నీరు నిలిచి ఇప్పుడు పచ్చటి చెరువులయ్యాయి, వాటి మీద కొంగలు. అందంగానే ఉంటాయి, కానీ ఆ పనితోపాటే జనమూ వెళ్లిపోయారు. ఒకప్పుడు వేలల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు కొన్ని పదుల మందే, అదీ ఎక్కువగా పెద్దవాళ్లు. పిల్లల్లేక బడి 1985లో మూతబడింది. కుళాయి నీళ్లు లేవు, బావులే. కరెంటుకి డీజిల్ జనరేటర్లు. 2013లో జెట్టీ పక్కన సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టారు.

ఇక సర్పంచ్ సంగతి. సింగపూర్‌లో పంచాయతీ ఎన్నికలే లేవు. ఊరవతలి ప్రాంతాలని వలస పాలనలో రూరల్ బోర్డు చూసేది, మలయ్ పల్లెలకి పెంఘులు అనే పెద్ద ఉండేవాడు. నగరానికి 1957లో ఎన్నికైన సిటీ కౌన్సిల్, మేయర్ వచ్చినా 1959లో అదీ పోయింది. ఇప్పుడు మనం ఉండే ఫ్లాట్ల బాగోగులు చూసే టౌన్ కౌన్సిళ్లు ఎంపీల చేతిలో ఉంటాయి. ఉబిన్‌ని మాత్రం 2016 నుంచి ప్రధానంగా నేషనల్ పార్క్స్ బోర్డు చూస్తోంది. అంటే ఊరిని చూసేది పార్కుల శాఖ! మన దగ్గర అటవీ శాఖ చేతికి పంచాయతీ ఇచ్చినట్టు.

దాని ఇబ్బంది 2013లో బయటపడింది. ప్రభుత్వం ఎప్పుడో సేకరించిన భూముల్లో ఉంటున్న 22 కుటుంబాలకి ఓ నోటీసు వచ్చింది. ఇళ్లు ఖాళీ చేయమంటున్నారనుకుని వాళ్లు హడలిపోయారు. పంపించే ఉద్దేశం లేదని ప్రభుత్వం తర్వాత వివరణ ఇచ్చింది. మన పల్లెలో అయితే ముందు సర్పంచ్ ఇంటి అరుగు మీదకి వెళ్లి గట్టిగా అడిగేవాళ్లం కదా!

అలాగని ఇక్కడ జనం మాట చెల్లదనీ అనలేను. ద్వీపం తూర్పు కొసన చెక్ జావా అనే బురద నేల ఉంది; మడ చెట్లు, సముద్రపు గడ్డి, నక్షత్ర చేపలు. దాన్ని పూడ్చాలని అంతా సిద్ధం చేశారు. ప్రకృతి ప్రేమికులు ఆటు సమయాల్లో వెళ్లి అక్కడి జీవులన్నీ నమోదు చేశారు, మామూలు జనం తండోపతండాలుగా చూడ్డానికి వచ్చారు. 2001 డిసెంబరులో ఆ పని వాయిదా పడింది. ఈ రోజుకీ పూడ్చలేదు. మీరు వెళితే ఆటు ఎప్పుడో చూసుకుని వెళ్లండి, పోటులో నీళ్లు తప్ప ఏమీ కనిపించవు.

ఇదంతా ఫోన్‌లో అత్తయ్యగారికి చెప్పాను. మొత్తం విని, "ఆ పెద్దవాళ్ల తర్వాత ఆ ఇళ్లల్లో ఎవరుంటారు?" అన్నారు.