గరికపాడు దాటితే గవర్నర్‌ది ఎనిమిదో మెట్టు

కొత్త ఆసుపత్రి గోడలకు రంగు ఆరకముందే గొడవ మొదలవుతుంది. శిలాఫలకం మీద ఎంపీ పేరు కిందికి పోయిందట, ఎమ్మెల్యే పేరైతే అసలే లేదట. రాత్రికి రాత్రి కొత్త రాయి చెక్కించే తిప్పలు ఇంజనీరువి. మర్నాడు జిల్లా పేజీలో ‘ప్రోటోకాల్ రగడ’ అని వార్త.

పెద్దల్లో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్కకు దేశం మొత్తానికీ ఒక పట్టిక ఉంది. రాష్ట్రపతి సచివాలయం 1979 జులై 26న దాన్ని ప్రకటించింది. అప్పటి రాష్ట్రపతి మన నీలం సంజీవరెడ్డి. తమాషా ఏమిటంటే, ఆ రోజు దేశంలో ఉన్నది ఆపద్ధర్మ ప్రభుత్వం. మొరార్జీ దేశాయ్ రాజీనామా చేసేశారు, చరణ్‌సింగ్ ప్రమాణానికి ఇంకా రెండు రోజులుంది. కొత్త ప్రధాని కుర్చీలో కూర్చోకముందే కుర్చీల వరస తేలిపోయిందన్నమాట!

మొదటి మెట్టు రాష్ట్రపతిది. తర్వాత ఉపరాష్ట్రపతి, ప్రధాని, నాలుగో మెట్టు మీద గవర్నర్. మాజీ రాష్ట్రపతులది అయిదు. ఆరులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, లోక్‌సభ స్పీకర్. కేంద్ర క్యాబినెట్ మంత్రులతో పాటు ముఖ్యమంత్రిది ఏడు.

అయితే గవర్నర్‌కు నాలుగు, ముఖ్యమంత్రికి ఏడు సొంత రాష్ట్రంలోనే. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తూ రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాటితే ఆంధ్రప్రదేశ్ గవర్నర్, ముఖ్యమంత్రి ఇద్దరూ ఎనిమిదో మెట్టు మీదికే వచ్చేస్తారు. హోదా మనిషిది కాదని, పదవిదీ చోటుదీ అని ఇంతకన్నా తేటగా చెప్పేదేముంది?

ఎంపీలది 21వ స్థానం. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శులది 23. అంటే వేదిక మీద కేంద్ర కార్యదర్శి స్థాయి ఐఏఎస్ అయినా ఎంపీ తర్వాతే. నియోజకవర్గంలో ప్రభుత్వ కార్యక్రమం జరిగితే ఎంపీని తప్పక పిలవాలనీ, ఆయన వస్తే అధికారి లేచి నిలబడాలనీ కేంద్రం విడిగా సూచనలిచ్చింది. మన రగడల్లో సగం ఆ పిలుపు అందకపోవడం దగ్గరే పుడతాయి.

ఈ పట్టిక ఉత్సవాలకు, అధికారిక వేడుకలకే తప్ప రోజువారీ పాలనకు వర్తించదని అందులోనే రాసి ఉంది. ఫైలు మీద సంతకానికి మెట్ల లెక్క లేదు. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ రగడ ఆరో మెట్టుకూ తప్పలేదు. 2025 మే 18న, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేసిన నాలుగు రోజులకు, జస్టిస్ బి.ఆర్.గవాయ్ సన్మానం కోసం సొంత రాష్ట్రంలోని ముంబయికి వెళ్లారు. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, డీజీపీ, నగర పోలీస్ కమిషనర్ ముగ్గురూ రాలేదు. ఆయన ఆ మాట సభలోనే అన్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం వెంటనే ప్రధాన న్యాయమూర్తికి శాశ్వత రాష్ట్ర అతిథి హోదా ప్రకటించింది. అధికారులపై చర్య తీసుకోవాలంటూ ఒక న్యాయవాది సుప్రీంకోర్టుకెక్కితే, చిన్న విషయాన్ని పెద్దది చేయొద్దంటూ గవాయ్ ధర్మాసనమే పిటిషన్ కొట్టేసింది. పైగా ఆ న్యాయవాదికి 7,000 రూపాయలు ఖర్చుల కింద వడ్డించింది.